కదలికకు నమూనా ఏది? పెనుకొండ, లేపాక్షి, నిమ్మలకుంటల మీదుగా

నిలుచున్న మనిషిని గీయడం కన్నా పరుగెత్తే మనిషిని గీయడం కష్టమని చిత్రలేఖనం నేర్చుకునేవారికి మొదటి వారంలోనే తెలిసిపోతుంది. నిలుచున్నవాడు మన కోసం ఆగుతాడు. పరుగెత్తేవాడు ఆగడు, ఆగితే ఇక పరుగు లేదు. అందుకే నేటి చిత్రకారులు ఛాయాచిత్రాన్ని ఆశ్రయిస్తారు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు, బంతి విసరబోతున్న బౌలరు, వలకు పైగా లేచిన వాలీబాల్ ఆటగాడు, ఎవరి బొమ్మ కావాలన్నా చేతిలోని ఫోనులో క్షణంలో దొరుకుతుంది. దాన్ని ఎదురుగా పెట్టుకొని ఉన్నదున్నట్లు గీస్తారు. కొలతలన్నీ సరిపోతాయి. అయినా బొమ్మలో ఏదో లోపిస్తుంది. ఆటగాడు గాలిలోకి ఎగిరినట్లు ఉండడు, గోడమేకుకు తగిలించినట్లు ఉంటాడు.

ఈ లోపం ఎక్కడి నుంచి వస్తున్నది? కెమెరా అనే మాటే తెలియని కాలంలో మనవాళ్లు వేటను, మల్లయుద్ధాన్ని, విలువిద్యను, తాండవాన్ని గోడల మీద, కప్పుల మీద, తోళ్ల మీద గీశారు. వాటిలో కదలిక ఉంది. మరి వారు ఎదురుగా పెట్టుకున్న నమూనా ఏది? ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం కన్నా తగిన చోటు తెలుగునాట అరుదు. ఈనాటి శ్రీ సత్యసాయి జిల్లాలో, అంటే 2022 వరకు అనంతపురం జిల్లాగా మనమెరిగిన నేలలో, కొద్దిపాటి దూరంలోనే రాతిబొమ్మ, రంగుబొమ్మ, తోలుబొమ్మ మూడూ ఉన్నాయి.

ముందుగా ఆ కాలపు క్రీడ ఎటువంటిదో చూద్దాం. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పేస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వర్ణించాడు. రాయలు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒళ్లంతా నూనె పట్టించుకొని, బరువులు ఎత్తి, కత్తి తిప్పి, తాగిన నూనె చెమటగా బయటికి వచ్చేదాకా సాధన చేసేవాడట. ఆ తరువాత తన మల్లులలో ఒకరితో కుస్తీ పట్టి, గుర్రమెక్కి మైదానంలో స్వారీ చేసేవాడట. రాజే గోదాలోకి దిగే రాజ్యంలో శిల్పులకు, చిత్రకారులకు బలిసిన కండరాలు, వంగిన వెన్ను, బిగిసిన పిక్కలు నిత్యం కళ్లెదుట ఉండేవి. హంపిలోని మహర్నవమి దిబ్బ పక్కగోడల మీద మల్లులు, వేటగాళ్లు, నర్తకులు, గుర్రాలు వరుసలు కట్టి కనిపించడంలో వింత లేదు.

అయితే కళ్లెదుట ఉండడం వేరు, నమూనా వేరు. కళ్లెదుటిది క్షణక్షణమూ మారుతుంది. నమూనా మారకూడదు. ఈ విషయంలో పేస్ రాతల్లోనే మరొక చోట అమూల్యమైన ఆధారం ఉంది. రాజప్రాసాదంలో స్త్రీలు నాట్యం నేర్చుకునే శాల ఒకదాన్ని అతడు చూశాడు. అక్కడి చెక్కడపు పలకల మీద నర్తకుల బొమ్మలు ఉన్నాయి. ఒక్కొక్క పలక మీద ఒక్కొక్క నృత్యం ముగిసేటప్పటి నిలుపు ఉందట. నర్తకి ఏ నృత్యం చివర ఎలా నిలవాలో మరచిపోతే, ఆ పలక వంక చూసి జ్ఞాపకం తెచ్చుకోవడానికి వాటిని అలా చెక్కించారని అతడు వివరించాడు. పేస్ రాతలను రాబర్ట్ సెవెల్ 1900లో ఆంగ్లంలో ప్రచురించిన నాటి నుండి చరిత్రకారులు ఈ వాక్యాలను నాట్యచరిత్ర కోసం వాడుకుంటూ వచ్చారు. చిత్రకారులు కూడా వీటిని చదవవలసి ఉంది. నమూనా చిత్రం ఎందుకు, ఎంతవరకు అన్న ప్రశ్నకు అయిదు వందల ఏళ్లనాటి జవాబు వీటిలో ఉంది.

ఆ పలకలు నృత్యమంతటినీ చూపలేదు. చూపాలని ప్రయత్నించనూ లేదు. ముగింపును మాత్రమే చూపాయి. ఆ ముగింపుకు చేరే దారి నర్తకి ఒంటిలో ఉంది. గురువు దగ్గర నెలల తరబడి నేర్చినది ఆమె కాళ్లకు తెలుసు. అది లేనివారికి ఆ పలక ఒట్టి బొమ్మ. అంటే నమూనా అన్నది జ్ఞాపకానికి ఊతం మాత్రమే, జ్ఞాపకానికి బదులు కాదు.

ఈ మాట ఎంత నిజమో మన కాలంలోనే ఒకసారి రుజువైంది. 1213 నాటి పాలంపేట రామప్ప గుడిలో ఉద్ధతమైన నృత్యభంగిమలు రాతిలో ఉన్నాయి. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 13వ శతాబ్ది మధ్యలో నృత్తరత్నావళి రచించాడు. శిల్పమూ మిగిలింది, గ్రంథమూ మిగిలింది, నృత్యం మాత్రం అంతరించింది. నటరాజ రామకృష్ణ (1923-2011) ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి పేరిణి శివతాండవానికి తిరిగి ప్రాణం పోశారు. శిల్పాలు ఎందరో చూసినవే. కాని ఒక నిలుపుకూ మరొక నిలుపుకూ నడుమ దేహం ఎలా ప్రయాణిస్తుందో ఊహించడానికి జీవితమంతా నాట్యంలో గడిపిన మనిషి కావలసి వచ్చింది.

మన శాస్త్రకారులకు ఈ సంగతి ఏనాడో తెలుసు. విష్ణుధర్మోత్తరంలో వజ్రమహారాజు చిత్రవిద్య నేర్పమని అడిగితే, నృత్తం తెలియకుండా చిత్రం అర్థం కాదని మార్కండేయుడు చెబుతాడు. అల, మంట, పొగ, గాలికి ఎగిరే జెండా, వీటిని కదులుతున్నట్లు గీయగలిగినవాడే చిత్రకారుడని ఆ గ్రంథం తీర్మానం. ఎదురుగా నిలిచిన నిలుపు మొదలుకొని వెన్ను తిప్పిన నిలుపు దాకా తొమ్మిది స్థానాలను అది పేర్కొంటుంది.

భరతుని నాట్యశాస్త్రం ఇంకా సూక్ష్మంగా పోతుంది. ఆలీఢమని ఒక స్థానం ఉంది. ఒక కాలు చాచి, రెండవ మోకాలు వంచి, పాదాల నడుమ అయిదు తాళాల ఎడంతో నిలవడం. తాళమంటే సుమారు జానెడు. కాళ్లు మారిస్తే అది ప్రత్యాలీఢం. ఆయుధాన్ని ఆలీఢంలో సంధించి ప్రత్యాలీఢంలో విడవాలని భరతుడు నిర్దేశిస్తాడు. చదువరులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. బాణం విడవడం ఒక భంగిమ కాదు, రెండు భంగిమల నడుమ జరిగే మార్పు. కనుక విలుకాడిని గీయదలచిన చిత్రకారునికి ఎదురయ్యే ప్రశ్న “విలుకాడు ఎలా ఉంటాడు?” అన్నది కాదు, “ఏ క్షణంలో ఉన్నవాడిని గీయాలి?” అన్నది. సంధించినవాడిని గీస్తే చూసేవాడి మనసే బాణాన్ని విడుస్తుంది. విడిచినవాడిని గీస్తే కథ అక్కడితో అయిపోతుంది.

ఇక పెనుకొండకు వద్దాం. 1565లో రక్కసి తంగడి యుద్ధం తరువాత తిరుమలరాయలు రాజధానిని మార్చిన కోట కాబట్టి పెనుకొండ పేరు చరిత్రలో మారుమోగింది. దానికి ముందు కూడా అది రాజ్యంలో ముఖ్యమైన సీమకు కేంద్రం. అక్కడి రామాలయం గోడల మీద రామాయణ ఘట్టాలు వరుసగా చెక్కి ఉన్నాయి. నల్లరాయి పలకలో కదలిక చూపడం కష్టం. శిల్పి ఆ కష్టాన్ని మరో దారిలో దాటాడు. ఒకే పాత్రను పలక తరువాత పలకలో మళ్లీ మళ్లీ చెక్కాడు. గోడ పక్కన నడిచే భక్తుడి అడుగులే బొమ్మలకు కదలికనిస్తాయి. రాయి కదలదు, చూసేవాడు కదులుతాడు.

ఆ పెనుకొండ సీమలో అధికారం నెరపిన విరుపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529-1542 నడుమ, లేపాక్షి వీరభద్రాలయాన్ని విస్తరింపజేశారు. హిందూపురానికి తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, కూర్మశైలమనే చిన్న గుట్ట మీద ఉందా గుడి. జనం ఎక్కువగా చూసేది వేలాడే స్తంభాన్ని, ఏకశిలా నందిని. తల పైకెత్తి చూసేవారు తక్కువ. పేస్ నాట్యశాలను చూసిన తరువాత పదిపదిహేనేళ్లలోనే ఇక్కడి నాట్యమండపం కప్పు మీద చిత్రకారులు పని చేశారు. రెండూ ఒకే రాజ్యపు కళ.

కప్పు రాతి మీద సున్నపుపూత, ఆ పూత మీద కావిరంగు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు, చివరగా వాటిని పట్టి ఉంచే నల్లని గీత. నీడలతో ఉబ్బెత్తు చూపే అలవాటు అక్కడ దాదాపు లేదు. ఉన్న బలమంతా గీతదే. పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం మొదలైన కథలు పొడవాటి పట్టీలుగా సాగుతాయి. ఆ ఆఖరి కథ తెలుగువారికి శ్రీనాథుని హరవిలాసం వల్ల సుపరిచితమే. తపస్సులో ఉన్న అర్జునుడు, మీదికి దూకే వరాహం, కిరాతవేషంలో శివుడు, ఇద్దరి బాణాలూ ఒకే మృగాన్ని తాకడం, ఆపై వారిద్దరి పోరు. వేట, విలువిద్య, మల్లయుద్ధం, ఆ కాలపు క్రీడలు మూడూ ఒకే కథలో ఉన్నాయి.

ఈ చిత్రాల్లోని మనుషులను శరీరశాస్త్రం చదివినవారెవరైనా చూస్తే మొదట పెదవి విరుస్తారు. ముఖం పక్కకు తిరిగి ఉంటుంది. ఛాతీ మాత్రం మనవైపు ఉంటుంది. కాళ్లు మళ్లీ పక్కకు తిరిగి నడుస్తుంటాయి. ఏ మనిషీ ఒకే క్షణంలో అలా ఉండలేడు. ఏ ఛాయాచిత్రంలోనూ అటువంటి నిలుపు దొరకదు. దీన్ని ఆ చిత్రకారుల అజ్ఞానమని తోసివేయడం తేలిక. అయితే అదే గుడిలో, అదే నాట్యమండపం స్తంభాల మీద, రంభ నాట్యం చేస్తుంటే బ్రహ్మ మృదంగం, తుంబురుడు వీణ వాయిస్తున్న నిలువెత్తు శిల్పాలు ఉన్నాయి. నడుము ఎక్కడ వంగుతుందో, బరువు ఏ కాలి మీద పడుతుందో ఆ శిల్పులకు చక్కగా తెలుసు. పక్కనే పని చేసిన చిత్రకారులకు తెలియదని ఎలా అనగలం? వారు ఆ నిలుపును కావాలనే ఎంచుకున్నారు. పోతున్న దిక్కును కాళ్లు చెబుతాయి, చేస్తున్న పనిని రెండు భుజాలూ కనిపించే ఛాతీ చెబుతుంది, చూస్తున్న గురిని ముఖం చెబుతుంది. మూడు వేర్వేరు క్షణాల సమాచారం ఒకే దేహంలో కూర్చి ఉంది. అక్కడి స్తంభం మీది భృంగికి మూడు కాళ్లు. పురాణకథ వల్ల వచ్చిన మూడో కాలే అయినా, చూపుకు అది తాళం వేస్తూ మారుతున్న అడుగులా తోస్తుంది.

ఇలా క్షణాలను కలపడం తప్పా ఒప్పా అన్న వివాదం యూరపులో 19వ శతాబ్దిలో పెద్దదిగానే నడిచింది. అంతవరకు అక్కడి చిత్రకారులు దౌడు తీసే గుర్రాన్ని ముందుకాళ్లు ముందుకు, వెనుకకాళ్లు వెనుకకు పూర్తిగా చాచినట్లు గీసేవారు. జెరికో 1821లో గీసిన ఎప్సమ్ గుర్రప్పందెం చిత్రం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో కెమెరాలను వరుసగా నిలిపి దౌడు గుర్రాన్ని పట్టాడు. నాలుగు కాళ్లూ నేలను విడిచే క్షణం ఉన్న మాట నిజమే. కాని అప్పుడు కాళ్లు చాచి ఉండవు, పొట్ట కిందికి ముడుచుకొని ఉంటాయి. శతాబ్దాల గుర్రపు బొమ్మలు ఒక్క దెబ్బతో అబద్ధమైపోయాయి. 1887లో మైబ్రిడ్జ్ 781 పలకలతో జంతువుల, మనుషుల కదలికల సంపుటాలు ప్రచురించాడు. పరుగెత్తేవారు, దూకేవారు, కుస్తీ పట్టేవారు అందులో ఉన్నారు. ఈనాటి క్రీడాచిత్ర నమూనాలన్నిటికీ అది పెద్దన్న వంటిది.

అయితే శిల్పి రోదాఁ దీనికి లొంగలేదు. 1911లో వెలువడిన తన సంభాషణల్లో ఆయన జెరికో పక్షమే వహించాడు. కాలం నిజంగా ఎన్నడూ ఆగదు కనుక ఆగిన క్షణాన్ని చూపే ఛాయాచిత్రమే అబద్ధమాడుతుందని, కళాకారుడు దేహంలోని వేర్వేరు భాగాలను వేర్వేరు క్షణాల్లో చూపుతాడు కనుక అతనిదే సత్యమని ఆయన వాదన. ఈ వాదన సంపూర్ణమని నేననను. గుర్రం ఎలా పరుగెత్తుతుందో తెలుసుకోవడానికి మైబ్రిడ్జ్ దగ్గరికే వెళ్లాలి. గుర్రం పరుగెత్తుతున్నట్లు అనిపింపజేయడానికి మాత్రం మైబ్రిడ్జ్ చాలడు. రోదాఁ మాటల్లో చెప్పినదాన్ని నాలుగు వందల ఏళ్ల ముందే లేపాక్షి చిత్రకారులు గీతలో చేసి చూపారు.

లేపాక్షి బొమ్మలు పట్టీలో నిలిచిపోయాయి. అవే లేచి నడిస్తే ఎలా ఉంటుందో ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటలో చూడవచ్చు. తోలుబొమ్మలాట కుటుంబాలు నివసించే ఊరది. ఆ కుటుంబాల ఇంటిభాష మరాఠీ యాస, ఆడే కథలు తెలుగు రామాయణ భారతాలు. పక్కకు తిరిగిన ముఖం, పెద్ద కన్ను, నగల వరుసలు చూడగానే లేపాక్షి కప్పు గుర్తుకు వస్తుందని కళాచరిత్రకారులు చాలాకాలంగా అంటున్నారు.

అక్కడ నమూనా అంటే పాత బొమ్మే. శుభ్రం చేసి, వెలుగు పారేంత పలుచన చేసిన మేకతోలు మీద పెద్దల నాటి రూపురేఖలు దింపుతారు. చిన్న ఉలులతో నగలకు, అంచులకు రంధ్రాలు కొడతారు. రెండు వైపులా రంగులు వేస్తారు. ఇంతవరకు ఇది నకలు తీయడమే. అసలు విద్య దీని తరువాత మొదలవుతుంది. భుజం, మోచేయి, తుంటి, మోకాలు విడివిడి ముక్కలుగా కోసి, దారంతో ముడివేసి కలుపుతారు. నర్తకి బొమ్మకు తల కూడా విడిగా కడతారు. ముడి ఎక్కడ పడాలన్నదే ప్రశ్న. రవంత పైకి పడితే చేయి కర్రలా లేస్తుంది, రవంత కిందికి పడితే విరిగినట్లు వేలాడుతుంది. ముఖ్యపాత్రలకు ఒక్క బొమ్మ చాలదు. కొలువులో ఉన్నప్పుడొకటి, యుద్ధంలో ఒకటి. ఏ నిలుపు నుంచి ఏ కదలిక పుడుతుందో తెలిసినవారి ఏర్పాటు ఇది. నడుమ వెదురుబద్ద, చేతులకు పుల్లలు, తెర వెనుక దీపం. పోరు ఘట్టంలో ఆడించేవారు కాళ్ల కింద చెక్కలను దబదబ తొక్కుతుంటే, బొమ్మను తెరకు ఆనించి, వెనక్కి లాగి, మళ్లీ ఆనిస్తారు. నీడ స్పష్టమై, చెదిరి, మళ్లీ స్పష్టమవుతుంది. చూసేవారికి కనిపించేది దెబ్బ.

గోడమేకుకు తగిలించినట్లున్న ఆటగాడి బొమ్మలో లోపించినదేమిటో ఇక్కడ తెలిసిపోతుంది. లోపించింది కీలు. ఛాయాచిత్రం నుంచి అంచుగీతను మాత్రమే దించుకున్నాం. ఆ చేయి ఏ కీలు మీద తిరిగి అక్కడికి వచ్చిందో, బరువు ఏ పాదం నుంచి ఏ పాదానికి మారుతున్నదో దించుకోలేదు. లేపాక్షి చిత్రకారుడు దేహాన్ని మనసులో కీళ్ల దగ్గర విడదీసి కలిపాడు. నిమ్మలకుంట కళాకారుడు చేత్తోనే విడదీసి కలిపాడు. మనం మాత్రం విడదీయకుండానే నకలు తీస్తున్నాం.

ధర్మవరం పట్టుచీర చూసినా ఇదే తేడా తెలుస్తుంది. జాకార్డు మగ్గానికి నమూనాను గళ్ల కాగితం మీద గడి గడిగా దింపి, అట్టలకు రంధ్రాలు కొడతారు. నెమలి, ఏనుగు, లేపాక్షి నగిషీ తప్పు లేకుండా అంచు మీదికి వస్తాయి. చీరకు అది అందమే. అంచు మీది నెమలి నడవనక్కరలేదు, కొలత తప్పకుండా మళ్లీ మళ్లీ రావాలి. గడి గడి నకలు తగిన చోటు అది. పరుగుపందెం బొమ్మకు తగినది కాదు.

చివరగా బాధ కలిగించే మాట ఒకటి. నిమ్మలకుంట కళకు గౌరవం దక్కలేదని అనలేం. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. లేపాక్షి గుడి, నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. అయితే రాత్రంతా ఆట చూసే ఊళ్లు తగ్గాక, తోలుమీది పనితనం దీపపు గుమ్మటాల వైపు, గోడకు వేలాడదీసే పటాల వైపు మళ్లింది. కడుపు నింపే పనిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ గుమ్మటం మీద హనుమంతుడు అదే గీతతో, అవే రంగులతో లంకకు ఎగురుతూనే ఉంటాడు. కాని గుమ్మటానికి కీలు అక్కరలేదు. భుజం దగ్గర ముడి ఎక్కడ వేయాలన్న ప్రశ్న అక్కడ పుట్టదు. గీత మిగిలి, ముడి మరుగున పడితే, ఆ గీత కొన్ని తరాలకు ఎందుకలా వంగిందో చెప్పేవారుండరు. నృత్యం పోయి పలకలు మాత్రమే మిగిలిన నాట్యశాల గతే అది.

కనుక ఆటల బొమ్మలు గీసే యువకులకు నా విన్నపం ఒక్కటే. ఛాయాచిత్రాలను వదలమని కాదు, వాటిని పేస్ చూసిన పలకల్లా వాడుకోమని. ముందు మైదానానికి వెళ్లి ఆటను చూడండి. వీలైతే ఆడండి. కూతకు వెళ్లినవాడు గీత దాటేముందు బరువు ఎటు వేస్తాడో మీ తుంటితో తెలుసుకోండి. తరువాత ఛాయాచిత్రం తీసి, మరచిన సంగతి జ్ఞాపకం చేసుకోండి. విసిరిన బంతిని కాక, విసరబోయే చేతిని ఎంచుకోండి. వీలు చిక్కినప్పుడు హిందూపురంలో బస్సెక్కి లేపాక్షిలో దిగండి. నంది దగ్గర ఫోటోలు తీసుకోవడం అయ్యాక నాట్యమండపంలోకి నడిచి తల పైకెత్తండి. సున్నం కొన్నిచోట్ల రాలింది, రంగు చాలాచోట్ల వెలిసింది. మిగిలిన నల్లగీతను కాలి మడమ నుంచి భుజం దాకా కంటితో వెంబడించండి. అది ఎక్కడెక్కడ మలుపు తిరుగుతున్నదో లెక్కపెట్టండి. అక్కడే కీళ్లున్నాయి.